లావు నవలకి రైలే సరైన చోటు

రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి పుస్తకాల సలహా ఇచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఒకటే పాట పాడతారు. కథల సంపుటి పెట్టుకో, వ్యాసాలు పెట్టుకో, మరీ నవలే కావాలంటే చకచకా లాక్కెళ్ళిపోయే క్రైం నవల పెట్టుకో. లావు నవల మాత్రం సెలవులకి దాచుకో, ఇంటి దగ్గర తీరిగ్గా చదువుకోవచ్చు. అరగంట ప్రయాణానికి అరగంటలో అయిపోయేది సరిపోతుంది కదా అన్న లెక్క ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి అప్ అండ్ డౌన్ చేస్తూ చదువుతున్న మనిషిని కాబట్టి నేను దీన్ని తలకిందులు చేసి చెప్తాను. రైల్లో చదవాల్సింది ఐదారు వందల పేజీల నవలే. కథలూ, క్రైం నవలలూ ఇంట్లో చదువుకోండి. సెలవులకని దాచిన లావు నవల సెలవులన్నీ అయిపోయాక కూడా దాచిన చోటే ఉంటుంది, ఆ సంగతి మీకూ తెలుసు.

ముందు కథల విషయం చూద్దాం. మంచి కథని ఒక్క బిగిన చదవాలి. రైలుకి ఆ పట్టింపు లేదు. ఇంకా రెండు పేజీలున్నాయనగా మీ స్టేషన్ వచ్చేస్తుంది. ఆ రెండు పేజీలూ సాయంత్రం చదివితే, పొద్దున బిగిసిందంతా ఆపాటికి సడలిపోయి, ముగింపు చప్పగా తగులుతుంది. పాపం కథకుడి తప్పేమీ లేదు. పోనీ, దిగడానికి పది నిమిషాల ముందే కథ అయిపోయిందనుకోండి. అది నిజంగా మంచి కథైతే వెంటనే ఇంకోటి మొదలుపెట్టబుద్ధి కాదు. పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోవాలి. ఎవరూ కూర్చోరు. ఫోన్ తీస్తారు.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏ కథకైనా, ఏ నవలకైనా మొదటి నాలుగు పేజీలే కష్టం. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇది ఏ ఊరు, ఏ కాలం, చెప్తున్న మనిషిని నమ్మొచ్చా, ఈ వెటకారం నిజంగా వెటకారమేనా... ఇదంతా తేల్చుకునేసరికి బుర్ర వేడెక్కుతుంది. పక్కన ఒకరు బ్యాగు సర్దుకుంటూ, ఇంకొకరు తలుపు వైపు తోసుకెళ్తూ ఉన్నప్పుడు మరీను. కథల సంపుటి పెట్టుకుంటే ప్రతి ప్రయాణానికీ ఈ ఎంట్రీ ఫీజు మళ్ళీ కట్టాలి. లావు నవలకి ఒక్కసారి కడితే నెల పైన చెల్లుతుంది. మూడో వారానికి వచ్చేసరికి పుస్తకంలో మనుషులందరూ తెలిసినవాళ్ళే. వాక్యం మధ్యలో ఆపినా, ఆ మధ్యలోంచే మళ్ళీ ఎత్తుకోగలుగుతాం.

క్రైం నవలలది వేరే గొడవ. అవి రైల్లో ఉండవు, మనతోపాటు ఇంటికొచ్చేస్తాయి. హంతకుడెవరో తేలకుండా దిగాల్సి వస్తే ఆ రాత్రి నిద్ర మానుకుని పూర్తి చేసేస్తాం. మర్నాడు పొద్దున రైల్లో చేతిలో ఏమీ ఉండదు. పైగా క్లూల మీద నడిచే కథలో, మొన్న సాయంత్రం కునికిపాట్లు పడుతూ దాటేసిన ఒక్క వాక్యం మీద మొత్తం ఆధారపడి ఉండొచ్చు. నిదానంగా నడిచే నవలకి ఆ టెన్షన్ లేదు. ఒక పేరా సరిగ్గా ఎక్కకపోయినా కొంపేమీ మునగదు, ఆ మనిషి స్వభావం ఇంకో యాభై పేజీల తర్వాత ఇంకోలా తెలుస్తుంది. స్టేషన్ రాగానే అది మనల్ని వదిలేస్తుంది కూడా. ఈ వదిలేసే గుణం రోజూ పనికి పోయేవాళ్ళకి చాలా ముఖ్యం.

లెక్క కూడా నా వైపే ఉంది. ఇంగ్లీషులో కథలూ నవలలూ మనసులో చదువుకునేవాళ్ళ సగటు వేగం నిమిషానికి 260 పదాల దాకా ఉంటుందని 2019లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. అంటే అరగంటకి పాతిక పేజీల పైమాటే. రైల్లో అంత వేగం రాదు. అనౌన్స్‌మెంట్లు, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, సీటు కోసం చూపులు. అందులో సగం వేసుకుందాం. పోను పన్నెండు, రాను పన్నెండు, రోజుకి ఇంచుమించు పాతిక పేజీలు. వారానికి ఐదు రోజులు. ఆరు వందల పేజీల నవల ఐదు వారాల్లో అయిపోతుంది, ఇంట్లో ఒక్క నిమిషం కూడా తీయకుండానే. ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదివామో లెక్కపెట్టుకుని నలుగురికీ చెప్పుకునే ఫ్యాషన్ ఒకటుంది ఇప్పుడు. దానికి మాత్రం ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. లిస్టు చిన్నగా వస్తుంది.

అసలు రైల్లో తేలిక పుస్తకమే చదవాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి. గుర్రబ్బండి కుదుపుల్లో అక్షరాలు నిలిచేవి కావు. పట్టాల మీద పెట్టెలు నునుపుగా సాగడం మొదలయ్యాక, కదులుతూ చదవడం మామూలు మనుషులకి మొదటిసారి వీలైంది. వ్యాపారులు ఊరుకుంటారా? 1848లో లండన్ యూస్టన్ స్టేషన్లో డబ్ల్యూ. హెచ్. స్మిత్ పుస్తకాల దుకాణం తెరిచింది. దాదాపు అప్పుడే రౌట్లెడ్జ్ అనే ప్రచురణకర్తలు 'రైల్వే లైబ్రరీ' అని చవక నవలల వరస మొదలెట్టారు. 1853కల్లా ఫ్రాన్స్‌లో ఆషెట్ అనే ప్రచురణ సంస్థ అదే పని చేసింది, ఏ రకం పుస్తకానికి ఏ రంగు అట్ట అని కూడా తేల్చేసి. మన దేశంలో రైల్వే స్టాళ్ళ కోసమే వేసిన వరసలో 1888లో కిప్లింగ్ కథల పుస్తకాలు ఆరు వచ్చాయి. అన్నీ పల్చటి పుస్తకాలే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పుస్తకాలన్నీ ఎవరి కోసం? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎప్పుడో ఒకసారి వెళ్ళే ప్రయాణికుడి కోసం. ఎక్కేముందు కొనాలి, దిగేలోపు అయిపోవాలి, అయిపోయాక సీటు మీద వదిలేసినా బాధ కలగకూడదు. రేపు పొద్దున మళ్ళీ అదే రైలెక్కే మనిషి వాళ్ళ లెక్కలోనే లేడు. ఒక్కసారి ప్రయాణం చేసేవాడికి ఆ ఆరేడు గంటలే సమస్తం. మనకి అరగంటే ఉన్నా, ఆ అరగంట రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. వాడికి చెప్పిన సలహానే నూట డెబ్భై ఏళ్ళుగా మనకీ చెప్పుకొస్తున్నారు.

ఆ మాటకొస్తే, ముక్కలు ముక్కలుగా చదవడం లావు నవలకి కొత్తేం కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద నవలలు చాలావరకు ముక్కలుగానే పుట్టాయి. డికెన్స్ మొదటి నవల 1836-37ల్లో నెలకొక భాగం చొప్పున వచ్చింది, చాలా భాగాలు 32 పేజీలవి. నెలరోజులు ఆగి చదివే పాఠకుడు ఎవరినీ మర్చిపోకుండా ఉండాలంటే రచయిత కొన్ని ఏర్పాట్లు చేసుకోక తప్పదు. ఒక పాత్రకి ఒక ఊతపదం, ఇంకో పాత్రకి ఒక చేష్ట. పాతిక పేజీలకోసారి జరిగిన కథని మాటల మధ్యలో మళ్ళీ గుర్తుచేయడం. మన వారపత్రికల సీరియల్స్ చదివినవాళ్ళకి ఇదంతా చెప్పనక్కర్లేదు. సీరియల్‌గా వచ్చిన నవలని ఒకే రోజు కూర్చుని చదివితే ఈ గుర్తుచేతలన్నీ సాగదీత అనిపిస్తాయి. రైల్లో చదివితే అవి ఎందుకున్నాయో అర్థమవుతుంది. సరిగ్గా మనం మర్చిపోబోతున్న చోట రచయిత వచ్చి భుజం తడతాడు. ఆ నవలల్ని ఇంట్లో చదివి 'అబ్బ, ల్యాగ్' అన్నవాళ్ళు ఒక్కసారి రైల్లో చదివి చూడాలి.

విడతలుగా చదివింది ఎక్కువ కాలం గుర్తుంటుందని కూడా ఎప్పుడో తేలింది. 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే కంఠస్థం చేస్తూ, ఒకేసారి రుబ్బడం కంటే రోజుల మీద పంచుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తాయని చూపించాడు. నవలంటే అక్షరాల గుంపు కాదు, ఒప్పుకుంటాను. అయినా సెలవు రోజున ఏకబిగిన చదివేసిన నవలల్లో పాత్రల పేర్లు నాకు ఆర్నెల్లకే పోతాయి. రైల్లో చదివిన నవలల్లోవాళ్ళు పోవడం లేదు. ఐదు వారాల పాటు రోజూ రెండు పూటలా చూసిన మనుషులు మరి.

పొద్దున చదివింది పగలంతా లోపల మెల్లగా పనిచేస్తుంది, అది ఇంకో లాభం. పొద్దున ఒక తల్లి కూతురితో ఒక మాట అంటుంది. అక్కడ ఆపి దిగుతాం. మధ్యాహ్నం ఏదో పనిలో ఉండగా, ఆ మాట ఆవిడ అలా ఎందుకంది అన్నది తడుతుంది. సాయంత్రం పుస్తకం తెరిచేసరికి మనకి ఒక అభిప్రాయం ఉంటుంది, రచయిత దాన్ని నిలబెట్టనూవచ్చు, కొట్టిపారేయనూవచ్చు. అదే ఇంట్లోనైతే పేజీ తిప్పేస్తాం, ఆ మాట అక్కడితో సరి.

చదవడమే కాదు, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ట్రోలప్ రైల్లో నవలలు రాసేశాడు కూడా. ఆయన బ్రిటిష్ తపాలా శాఖలో ఉద్యోగి, పని మీద ఎప్పుడూ తిరుగుతుండేవాడు. ఒళ్ళో పెట్టుకోవడానికి చిన్న రాతబల్ల ఒకటి చేయించుకుని, పెన్సిల్‌తో రాసుకుపోయేవాడు. తర్వాత భార్య దాన్ని సాఫు ప్రతి రాసేది. తోటి ప్రయాణికుల ముందు అలా రాస్తుంటే మొదట్లో కాస్త మొహమాటంగా ఉండేదని ఆత్మకథలో చెప్పుకున్నాడు. రైల్లో రాసేంత ఏకాగ్రత ఒకరికి కుదిరినప్పుడు, చదివేంత మనకి కుదరదనడం బద్ధకమే.

ఇక కష్టాలు. లేవని అనను. కదిలే బండిలో చదివితే కళ్ళు తిరిగేవాళ్ళున్నారు. చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, పేజీ మీదున్న కళ్ళు లేదంటాయి, ఆ పేచీలో కడుపు తిప్పుతుంది. బస్సులో, కారులో ఒక్క పేజీ కూడా చదవలేనివాళ్ళు చాలామంది రైల్లో హాయిగా చదవగలరు, ఎందుకంటే మలుపులు పెద్దవి, బ్రేకులు మెల్లగా పడతాయి. బండి వెళ్ళే వైపు మొహం పెట్టి కూర్చుంటే కొందరికి ఇంకాస్త నయం. అప్పటికీ పడకపోతే పడనట్టే, బలవంతం అనవసరం.

నిలబడి చదవడం మాత్రం నేర్చుకోవాల్సిన విద్య. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంటుంది. రెండో చేత్తో పుస్తకాన్ని కింద నుంచి పట్టుకుని, బొటనవేలూ చిటికెనవేలూ ముందువైపు రెండు పేజీల మీదా ఆనించి, మిగతా మూడు వేళ్ళూ వెనక వీపుకి ఆసరాగా పెట్టాలి. తిప్పాల్సిన పేజీ అంచుని బొటనవేలితో ముందే కొద్దిగా లేపి ఉంచుకోవాలి. బండి పట్టాలు మారేటప్పుడు తిప్పకూడదు. ఆ కటకటలు ఆగి, నిటారుగా సాగేటప్పుడు లేపిన అంచుని వదిలితే అదే పడుతుంది. కొత్త పుస్తకం వీపు బిగుసుకుని ఉంటుంది కాబట్టి దీనికి లొంగదు. లైబ్రరీ పుస్తకం, చేతులు మారిన పుస్తకం అయితే చెప్పినట్టు వింటుంది. ఊపిరాడని రద్దీలో ఇదేదీ కుదరదు. ఆ రోజుకి పుస్తకం బ్యాగులోనే.

శబ్దం గురించి అందరూ ఫిర్యాదు చేస్తారు గానీ, చక్రాల చప్పుడు ఎవరి చదువునీ చెడగొట్టదు. చెడగొట్టేది మాట. అందులోనూ ఫోన్లో మాట. ఒకవైపు మాటలే వినబడే సంభాషణ, ఇద్దరివీ వినబడేదానికంటే ఎక్కువగా ధ్యాస చెదరగొడుతుందని 2010లో ఒక ప్రయోగంలో చూపించారు. అవతలివాళ్ళు ఏమన్నారో అని మన బుర్ర మనకి తెలియకుండానే పూరిస్తూ కూర్చుంటుందన్నమాట. 'అదేంటి, ఆవిడ ఒప్పుకుందా?' అని పక్క సీటాయన అరిస్తే, నవలలో ఉన్న ఆవిడ సంగతి కాస్త పక్కకి పోవాల్సిందే. దీనికి నా దగ్గర మందు లేదు.

పక్కవాళ్ళంటే గుర్తొచ్చింది. భుజం మీంచి తొంగి చూసి చదివేవాళ్ళంటే చాలామందికి చిరాకు. నాకూ ఉండేది. ఒకసారి ఒక పెద్ద కుటుంబం కథ చదువుతున్నాను, ఆస్తి పంపకాల ఘట్టం. పేజీ తిప్పబోతుంటే పక్కనున్న పెద్దమనిషి "ఒక్క నిమిషం ఉండండి" అన్నారు, ఆ వెంటనే ఏమన్నారో తెలుసుకుని ఇబ్బంది పడిపోయారు. నేను ఉన్నాను. ఆయన చదవడం అయ్యాక తలూపారు, తిప్పాను. కొన్ని రోజుల తర్వాత ప్లాట్‌ఫాం మీద కనిపించి, నమస్కారం కూడా లేకుండా అడిగారు: "ఏమండీ, ఆ పెద్దకొడుకు సంతకం పెట్టాడా?" పెట్టలేదని చెప్పాను. "నేననుకున్నాను" అన్నారు. బండి వచ్చేలోపు ఆయనకి తెలియని ముందు కథా, ఆయన చదవని వెనక కథా చెప్పేశాను. చిన్న కథైతే ఇది జరిగేదే కాదు. ఆయన మళ్ళీ కనిపించేసరికి ఆ మనుషులు ఇంకా నా బ్యాగులో ఉన్నారు కాబట్టి జరిగింది.

ఫోన్లో చదవొచ్చా అంటే, చదవొచ్చు, నెట్ కట్టేయగలిగితే. జపాన్‌లో ఒక దశలో ఫోన్ నవలలు ఎంత నడిచాయంటే, 2007లో అక్కడ ఎక్కువగా అమ్ముడైన పది నవలల్లో ఐదు ముందు ఫోన్ల మీద వచ్చినవే. పొట్టి వాక్యాలు, పొట్టి అధ్యాయాలు. నేను చెప్తున్న నవలలు వేరు. ఈ-రీడర్ మీద నాకు ఏ పేచీ లేదు, బరువు తక్కువ, నోటిఫికేషన్లు రావు. ఆడియో పుస్తకం అంటారా, నిలబడే చోటు కూడా లేనప్పుడు అదే దిక్కు, కానీ ఒక వాక్యం దగ్గర ఆగి మళ్ళీ చదవాలనిపించినప్పుడు వేలు పెట్టి వెనక్కి జరపడం నాకెప్పుడూ సరిగ్గా కుదరదు.

ఆ టైంలో ఏదైనా పనికొచ్చేది చేసుకోవచ్చుగా, కోర్సు వీడియోలు చూడొచ్చుగా, మెయిల్స్ చూసుకోవచ్చుగా అనేవాళ్ళకి ఒక్క మాట. ఆ ప్రయాణానికి ఆఫీసు జీతమివ్వదు. కాబట్టి దాని మీద ఆఫీసుకి హక్కూ లేదు. అలసిపోయిన సాయంత్రం నిద్రొస్తే మాత్రం నిద్రపోండి, నవల ఏమీ అనుకోదు. కిటికీలోంచి చూడాలనిపిస్తే చూడండి.

అన్ని లావు నవలలూ రైలుకి పనికొస్తాయని కూడా కాదు. ప్రతి వాక్యం మడతలు విప్పుకుని చదవాల్సినవి, ఒక పేరా నాలుగు పేజీలు సాగేవి నేను ప్రయత్నించి పక్కన పెట్టాను. అధ్యాయాల మధ్య, పేరాల మధ్య ఆగడానికి చోటుండాలి. మనుషులు ఎక్కువగా ఉండాలి, సంఘటనలు తక్కువైనా పర్వాలేదు. చావు ఘట్టాలు పొద్దున పూట వద్దు. ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసులో అడుగుపెడితే ప్రతివాళ్ళకీ సమాధానం చెప్పుకోవాలి.

చదివే అలవాటు రైలు వల్లే వచ్చిందని, ఇంటి నుంచే పని మొదలయ్యాక ఆ రైలుతోనే పోయిందని చెప్పేవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు స్నేహితులున్నారు. ప్రయాణం చేసే టైం మిగిలింది కదా, ఆ గంటా చదువుకోండి అంటే నవ్వుతారు. ఇంట్లో గంట దొరుకుతుంది గానీ, ఆ గంటలో లేచి చేయగలిగిన పనులు పాతిక ఉంటాయి. బట్టలు ఆరేయొచ్చు, ఎవరికో ఫోన్ చేయాల్సింది గుర్తొస్తుంది, కాలింగ్ బెల్ మోగుతుంది. రైల్లో చేయడానికి ఏమీ లేదు, వెళ్ళడానికి చోటూ లేదు. అంత నిస్సహాయత ఇంట్లో ఎక్కడి నుంచి తెస్తాం?

మిగిలింది బరువు. ఎనిమిది వందల పేజీల పుస్తకాన్ని ఒంటి చేత్తో పట్టుకుని నిలబడటం నిజంగానే కష్టం. జపాన్‌లో దీనికో చక్కటి పద్ధతుంది. అక్కడ బుంకో అని అరచేతిలో పట్టే ఎ6 సైజు పుస్తకాలు వేస్తారు, పెద్ద నవలైతే రెండు మూడు భాగాలుగా విడదీసి. ఇవానామి అనే ప్రచురణకర్తలు 1927 నుంచీ వేస్తున్నారు. నేను అంతదాకా ఆగలేక, లావు పుస్తకం కొనగానే బైండింగ్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, అధ్యాయం చివర చూసి రెండు ముక్కలు చేయించుకుంటాను. మొదటిసారి ఆయన కూడా "కొత్త పుస్తకమండీ, ఖాయమేనా?" అని రెండుసార్లు అడిగి కత్తి తీశాడు. మా స్నేహితులైతే దీన్ని హత్యతో సమానంగా చూస్తారు. వాళ్ళ షెల్ఫుల్లో అవే నవలలు గీత పడకుండా నిగనిగలాడుతూ ఉన్నాయి. తీసి చూస్తే బుక్‌మార్క్ నలభయ్యో పేజీ దగ్గర ఉంటుంది.